రెండు దీవుల మధ్య తప్పిపోయిన గంట

ఉద్యోగం మానేశాక నాకు ఫోన్ చేసే చిన్న నర్సులందరూ తిప్పి తిప్పి ఒకటే అడుగుతారు: "ఆంటీ, ఇన్నేళ్ళ సర్వీసులో మీరు చేసిన పెద్ద పొరపాటు ఏంటండీ?" తప్పు మందో, తప్పు ఇంజెక్షనో చెబుతానని వాళ్ళ ఆశ. దేవుడి దయవల్ల అలాంటివేవీ నా చేతుల మీదుగా జరగలేదు. నేను చేసిన పెద్ద పొరపాటు తీసివేతలో. మూడో తరగతి పిల్ల చేయగలిగిన తీసివేత. అందులో గంటసేపు తప్పిపోయింది. ఆ గంటని వెతకడానికి ఒక శుక్రవారం పూట బౌషర్ నుంచి రుస్తాఖ్ దాకా పరుగెత్తాం. ఇప్పుడు తలుచుకుంటే పొట్ట పట్టుకుని నవ్వుతాను. ఆరోజు మాత్రం నవ్వు అన్న మాటే లేదు.

నాది నర్సాపురం పక్క ఊరు. ఒమన్‌లో మొదటి పోస్టింగ్ రుస్తాఖ్‌లో, తర్వాత మస్కట్ నగరంలోని బౌషర్‌లో. చివరి మూడేళ్ళు నన్ను ఇళ్ళకు వెళ్ళి పేషెంట్లను చూసే విభాగంలో వేశారు. నా పేషెంట్లలో ఒక పెద్దావిడ ఉండేది. ఇంటిల్లిపాదీ ఆమెను "మామా" అని పిలిచేవారు. మన మేనమామ కాదు, అక్కడ మామా అంటే అమ్మ. డెబ్బై ఎనిమిదేళ్ళు. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు, పైగా షుగరు. నాలుగడుగులు నడవాలంటే ఆక్సిజన్ కావాలి. అందుకోసం భుజానికి తగిలించుకునే చిన్న మెషీన్ ఉండేది. బయటి గాలినే లోపలికి పీల్చి, దాంట్లోంచి ఆక్సిజన్ తీసి, గొట్టం ద్వారా ముక్కుకి అందిస్తుంది. బ్యాటరీ మీద నడుస్తుంది. బ్యాటరీ అయిపోతే అది ఉత్త సంచి.

ఊపిరి అంతంతమాత్రమే అయినా మామా నోరు మాత్రం ఆగేది కాదు. అరబ్బీ, హిందీ కలిపి కొట్టేది. నేనూ అదే భాషలో తిరిగి కొట్టేదాన్ని. కూతురు చనిపోతే, ఆ కూతురి కొడుకుని ఎనిమిది నెలల వయసు నుంచి పెంచింది ఈవిడే. ఆ కుర్రాడు మాల్టాలో డాక్టరు చదివాడు. పట్టా ఇచ్చే రోజు దగ్గర పడగానే మామా ప్రకటించేసింది: "నేను వెళ్తున్నాను."

రుసైల్‌లో ఫ్యాక్టరీ నడిపే కొడుకు వద్దన్నాడు. డాక్టరు గొణిగాడు. మామా ఇద్దరినీ కూర్చోబెట్టి, "వాడికి మొదటి అడుగు నేర్పింది నేను. వాడు వేదిక మీద నడుస్తుంటే నేనిక్కడ గోడ చూస్తూ కూర్చోవాలా?" అంది. చివరికి ప్రయాణం రెండు ముక్కలు చేశారు. శుక్రవారం సాయంత్రం బయలుదేరి, మధ్యలో ఒకచోట మారి, సైప్రస్‌లో ఉన్న రెండో కూతురి ఇంటికి. అక్కడ ఒక రోజు విశ్రాంతి. ఆదివారం మధ్యాహ్నం సైప్రస్ నుంచి మాల్టాకి. సోమవారం పట్టా. తోడుగా నేను.

పెద్ద ప్రయాణం గురించి అందరూ కంగారుపడ్డారు. నిజానికి అక్కడ కంగారేమీ లేదు, పెద్ద విమానం వాళ్ళు ఆక్సిజన్ సిలిండరు వాళ్ళే ఇస్తామన్నారు. రెండు దీవుల మధ్య తిరిగే చిన్న విమానం వాళ్ళు మాత్రం ఇవ్వరు. మన మెషీనే తెచ్చుకోవాలి, ప్రయాణ సమయానికి ఒకటిన్నర రెట్లు సరిపడా బ్యాటరీలు ఉన్నాయని ఫారం నింపాలి. ఆ ఫారం నింపే పని నాది.

టికెట్ చూశాను. మధ్యాహ్నం రెండింటికి బయలుదేరుతుంది, మూడూ నలభైకి చేరుతుంది. గంటా నలభై. దానికి ఒకటిన్నర రెట్లంటే రెండున్నర గంటలు. మామా దగ్గర రెండు బ్యాటరీలు ఉన్నాయి, రెండూ కలిపి మూడున్నర గంటలు వస్తాయి. గంట మిగులు! డాక్టరు సంతకం, ఆసుపత్రి ముద్ర, ఫారం వెళ్ళింది, ఆమోదం వచ్చింది. మ్యాపులో చూస్తే మాత్రం ఏముంది, ఒకే సముద్రంలో రెండు చుక్కలు, మధ్యలో బెత్తెడు నీళ్ళు. మూడో బ్యాటరీ కొందామా అని కొడుకు అడిగితే, "అక్కర్లేదు సర్, బెత్తెడు దూరం" అన్నాను. సంచీలో మిగిలిన చోటులో మామా మనవడి కోసం రెండు హల్వా డబ్బాలు కుక్కింది.

ప్రయాణం రోజు పొద్దున్నే ఎనిమిదిన్నరకి వాళ్ళింట్లో ఉన్నాను. గల్ఫ్‌లో మా చర్చి ఆరాధన శుక్రవారమే. ఆ వారం దానికి సెలవు పెట్టి వచ్చాను. వంటింటి గుమ్మంలో ఆ ఇంటి డ్రైవరు టీ తాగుతున్నాడు. జగిత్యాల పక్క మనిషి. కన్‌స్ట్రక్షన్ సైట్‌లో పనికని వచ్చి, పదిహేనేళ్ళ నుంచి ఈ ఇంట్లో బండి తోలుతున్నాడు. మనవడిని స్కూలుకు దింపినవాడూ ఇతనే. ఇప్పటికీ ప్రతి శుక్రవారం ఆ కుర్రాడికి ఫోన్ చేస్తాడు.

"అక్కా, మామా మాల్టాల దిగంగనె నేను ఫోన్ జేస్త. ఎన్ని గంటలకు దిగుతరు?" అన్నాడు.

"ఆదివారం రెండింటికి ఎక్కుతాం తమ్ముడూ, మూడూ నలభైకి దిగుతాం."

అతను వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాడు. "బాబు కాడ మనకన్న మూడు గంటలు ఎన్క. అంటె మనకు ఆరు నలభై. మరి సైప్రస్ల చిన్నమ్మ కాడ రెండు గంటలే ఎన్క. అంటె మీరు ఎక్కేది మనకు నాలుగింటికి." టీ గ్లాసు కింద పెట్టాడు. "నాలుగింటికి ఎక్కి ఆరు నలభైకి దిగుతరా? గంటా నలభై అంటివి గదా అక్కా? గిది రెండు గంటల నలభై అయితుంది."

"కాదు తమ్ముడూ, టికెట్ మీద..." అని ఆగిపోయాను.

టికెట్ మీద ఎక్కే ఊరి గడియారం ఒకటి, దిగే ఊరి గడియారం ఇంకొకటి. రెండు దీవుల మధ్యా గంట తేడా. నేనా! ముప్ఫై ఏళ్ళుగా మా అమ్మకి ఫోన్ చేసిన ప్రతిసారీ గంటన్నర కలిపిన మనిషిని. ఇక్కడ తొమ్మిదంటే అక్కడ పదిన్నర అని నిద్రలో కూడా చెప్పగలిగిన మనిషిని. గంటన్నర తేడా ఎముకల్లోకి ఇంకిపోయిందిగానీ, నాకు చుట్టం కాని రెండు దీవులకీ కూడా వాటి గడియారాలు వాటికుంటాయని తట్టలేదు.

రెండు గంటల నలభైకి ఒకటిన్నర రెట్లంటే నాలుగు గంటలు. మా దగ్గరున్నది మూడున్నర.

పిల్లలూ, ఇక్కడ నిజం చెప్పాలి. నా మనసులోకి మొదట వచ్చిన మాట మంచిది కాదు. ఫారం ఆమోదం అయిపోయింది. డ్రైవరు తప్ప ఎవరూ కనిపెట్టలేదు. ప్రయాణం రెండు గంటల నలభై, బ్యాటరీ మూడున్నర, సరిపోతుంది కదా? నాలుగు నెలల్లో రిటైరవుతున్నాను. ఇప్పుడెందుకు నోరు విప్పి అల్లరి కావడం? ఒక రెండు నిమిషాలు ఆ మాటతోనే నిలబడ్డాను. విమానం ఆలస్యమైతే? గాలిలో చక్కర్లు కొడితే? అప్పుడు ఆ ఉత్త సంచి పట్టుకుని మామా మొహం ఎలా చూడాలి?

సెలవు రోజైనా కొడుకు అప్పటికే ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడు. చాలా మితభాషి. ఆయనంటే నాకు కాస్త భయం. ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాను. నాకు నా ఉద్యోగ విరమణ సభ, శాలువా, కేకు అన్నీ కళ్ళముందే కరిగిపోతున్నాయి.

"సిస్టర్," అన్నాడాయన అంతా విని, "ఆ ఫారం నేనూ చూశాను, డాక్టరూ చూశాడు, విమానం వాళ్ళూ చూశారు. అందరం చదువుకున్నవాళ్ళమే. ఇప్పుడేం చేయాలో చెప్పండి."

మాల్టాలో విమానం వాళ్ళ ఆఫీసుకి ఫోన్ కలిపాను. అక్కడ ఇంకా తెల్లవారుతోంది. ఒక అమ్మాయి ఆవలిస్తూ ఎత్తింది. నా తప్పు విని, "మేడం, మూడో బ్యాటరీ నంబరు వేసి కొత్త ఫారం ఇవాళ మా పన్నెండు గంటల్లోపు పంపండి. లేకపోతే ఆమోదం రద్దు చేయాల్సి వస్తుంది" అంది. వాళ్ళ పన్నెండంటే మాకు మూడు. ఈసారి వేళ్ళు మడిచి రెండుసార్లు లెక్కపెట్టాను.

విషయం మామాకి చెప్పక తప్పలేదు. విని, నా మొహంలోకి చూసి, ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టింది. ఎంత నవ్విందంటే వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు కూతపెట్టింది. "నాకు మందులు నిమిషం తేడా లేకుండా మింగించేదానివి! గంట మింగేశావా?" అని మళ్ళీ నవ్వు. తర్వాత కర్ర అందుకుని లేచింది. "యల్లా. పదండి."

"మీరెక్కడికి? పడుకోండి. సాయంత్రం ప్రయాణం."

"ఊపిరి నాది, బ్యాటరీ నాది, బండి నా కొడుకుది. ఇంట్లో పెట్టెల్ని చూస్తూ కూర్చోను."

కారు సాకెట్‌లో మెషీన్ పెడితే బ్యాటరీ ఖర్చు కాదు. కాబట్టి కాదనడానికి నాకు కారణం దొరకలేదు. డ్రైవరు అప్పటికే బండి తలుపు తీసి పట్టుకున్నాడు, పెళ్ళికి వెళ్తున్నట్టు మొహం వెలిగిపోతూ.

ముందు రుసైల్. బ్యాటరీలు అమ్మే కంపెనీ గోడౌన్ అక్కడే. శుక్రవారం, షట్టరు దించి ఉంది. బోర్డు మీద నంబరు చూసి ఫోన్ చేశాను. షట్టరు వెనకాల ఎక్కడో ఫోన్ మోగింది. మేం ముగ్గురం ఆ మోత వింటూ నిలబడ్డాం. "ఎత్తుతరేమో, ఇంకోసారి జెయ్యక్కా" అన్నాడు డ్రైవరు. నేను నిజంగానే ఇంకోసారి చేశాను.

అప్పుడు గుర్తొచ్చాడు రుస్తాఖ్ మాస్టారు. నా పాత పేషెంటు. రిటైరైన జాగ్రఫీ టీచరు. సరిగ్గా ఇలాంటి మెషీనే ఆయనకూ ఉంది. ఏడాది కిందట దాన్ని శుభ్రం చేయడం ఎలాగని నాకు ఫోన్ చేశాడు. ఇంట్లో కరెంటుతో నడిచే పెద్ద మెషీన్ వాడతాడు, చిన్నది మసీదుకి వెళ్ళడానికే. రెండు బ్యాటరీల్లో ఒకటి ఎప్పుడూ వాడకుండానే ఉంటుంది.

ఫోన్‌లో అంతా విని, "ఎవరికి కావాలి?" అన్నాడు.

"నా పేషెంటుకి సర్. పుట్టిల్లు మీ ఊరే."

"అయితే వచ్చి నా ఎదురుగా అడగమను. ఫోన్‌లో బ్యాటరీలు ఇవ్వను." పెట్టేశాడు.

వెనక సీట్లోంచి మామా, "రుస్తాఖా? నా పుట్టింటికా? పోనీ, పోనీ!" అని కర్రతో డ్రైవరు సీటు తట్టింది. ఆ గంటన్నర దారి నా జన్మలో మరిచిపోలేను. చలికాలం మొదలు. కొండల మీద మబ్బులు. డ్రైవరు వేగం పెంచితే నేను తిట్టడం, తగ్గిస్తే మామా తిట్టడం. మధ్యలో హల్వా డబ్బా ఒకటి తెరిచి, "ఇప్పుడు సంచీలో బ్యాటరీకి చోటు కావాలిగా" అని ముగ్గురికీ పంచింది. వేళ్ళన్నీ జిగురు. షుగరు పేషెంటుకి హల్వా ఏంటని నేను అరవాలి. అరవలేదు. నేనూ తిన్నాను.

పదకొండు దాటాక చేరాం. మాస్టారి ఇంటి ముందు తాళం. జుమ్మా నమాజుకి వెళ్ళిపోయాడు. మసీదు బయట వేపచెట్టు నీడలో బండి ఆపి కూర్చున్నాం. పన్నెండు. పన్నెండున్నర. నేను గడియారం చూస్తుంటే, మామా ఇది వాళ్ళన్న కొట్టు ఉండే వీధి, అది దొంగతనంగా మామిడికాయలు కోసిన తోట అని కిటికీలోంచి చూపిస్తోంది. ఒంటిగంటకి జనం బయటికి వచ్చారు. అందరికంటే వెనక, భుజానికి మెషీన్ తగిలించుకుని, చేతికర్ర ఆనించుకుంటూ, మాస్టారు.

సలాములయ్యాయి. ఆయన నా వైపు తిరిగాడు. "సైప్రస్‌కీ మాల్టాకీ మధ్య ఎన్ని డిగ్రీల రేఖాంశం?"

యాభై ఎనిమిదేళ్ళ మనిషిని మసీదు గోడ పక్కన నిలబెట్టి పరీక్ష పెట్టాడు. నేను వేళ్ళు మడిచేలోపే ఆయనే చెప్పేశాడు.

"పంతొమ్మిది. పదిహేను డిగ్రీలకి సూర్యుడు గంట తీసుకుంటాడు. దూరం తెలుసా?"

"బెత్తెడనుకున్నాను సర్."

"మస్కట్ నుంచి సలాలా వెళ్ళి, మళ్ళీ మస్కట్ వచ్చినంత!" కర్ర నేలకేసి కొట్టాడు. డ్రైవరు నా వెనక నిలబడి, "అబ్బో, గంతుంటదా!" అన్నాడు. బెత్తెడు నీళ్ళు ఒక్కసారిగా నా కళ్ళముందు సముద్రమైపోయాయి.

మామా కిటికీ పూర్తిగా దించింది. "ఏయ్ మాస్టారూ, దాన్ని బెదిరించింది చాలు. నన్నడుగు."

"నీకు రేఖాంశాలు తెలుసా?"

"తెలీవు. నా చిన్నప్పుడు ఈ ఊళ్ళో ఆడపిల్లలకి బడి లేదు. ఉంటే నీకంటే ముందు నేనే మాస్టారిని అయ్యేదాన్ని." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "సోమవారం నా మనవడు డాక్టరు పట్టా పుచ్చుకుంటున్నాడు. వాడు అక్షరాలు దిద్దుతుంటే పక్కన కూర్చుని నేనూ దిద్దాను. నాకు తెలిసిన నాలుగక్షరాలు వాడు నేర్పినవే. అది చూడ్డానికి పోతున్నాను. నీ బ్యాటరీ అప్పిస్తావా, ఇవ్వవా?"

మాస్టారు సంచీ జిప్పు తీసి, వాడకుండా ఉంచుకున్న రెండో బ్యాటరీ తీశాడు. నాకివ్వలేదు. బండి చుట్టూ నడిచి వెళ్ళి, మామా చేతిలో రెండు చేతులతో పెట్టాడు. "నిండా ఛార్జి ఉంది. పొద్దున్న నీ నర్సు ఫోన్ పెట్టగానే ఎక్కించాను" అన్నాడు. అంటే మేం బయలుదేరక ముందే ఇవ్వాలనుకున్నాడన్నమాట! పరీక్ష మాత్రం పెట్టకుండా ఉండలేకపోయాడు. టీచరు కదా.

బండి బానెట్ మీద కాగితం పరిచి కొత్త ఫారం నింపాను. ప్రయాణ సమయం గడి దగ్గర కలం ఆపాను. డ్రైవరు పక్కన నిలబడి, "రెండు గంటల నలభై, అక్కా. రాయి, రాయి" అన్నాడు. ఫోటో తీసి బౌషర్‌లో డాక్టరుగారికి పంపితే, ఆయన సంతకం చేసి తిప్పి పంపాడు. ఒంటిగంటా యాభైకి ఫారం మాల్టాకి వెళ్ళింది.

ఇక ఇంటికి వెళ్ళే టైము లేదు. పెట్టెలు తీసుకుని కొడుకు తిన్నగా ఎయిర్‌పోర్టుకి వస్తానన్నాడు. దారంతా ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. రెండున్నర. రెండూ నలభై అయిదు. మామా కునుకు తీస్తోంది. మూడింటికి ఆరు నిమిషాలుందనగా ఫోన్ మోగింది.

"మేడం, ఆమోదించాం," అంది పొద్దున్నటి అమ్మాయి. "ఒక మాట చెప్పనా? ఇలా తామే ఫోన్ చేసి తప్పు చెప్పినవాళ్ళని నేను చూడలేదు. మొదటి ఫారం ఆమోదించింది నేనే."

నేను "దేవుడికి స్తోత్రం" అని గట్టిగా అరిచాను. మామా ఉలిక్కిపడి లేచి, సంగతి తెలియకుండానే "అల్‌హమ్దులిల్లాహ్" అంది. డ్రైవరు హారన్ మూడుసార్లు కొట్టాడు. పక్క బండివాళ్ళు మమ్మల్ని వింతగా చూశారు.

ఆదివారం సంగతి కూడా చెప్పాలి. సైప్రస్‌లో విమానం ఎక్కాక తలుపులు వేసి నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. దారిలో ఎదురుగాలి. మాల్టా దగ్గరికి వచ్చాక దిగడానికి చోటు లేదని గాలిలో చక్కర్లు. మొదటి బ్యాటరీ అయిపోయింది. రెండోది చివరికొచ్చి ఎర్రదీపం వెలిగింది. మాస్టారి బ్యాటరీ తీసి బిగించినప్పుడు కింద ఇంకా నీళ్ళే. శుక్రవారం పొద్దున ఆ రెండు నిమిషాలు వంటింట్లో నిలబడి నేను అనుకున్న మాట నాతోపాటు ఆ సీట్లోనే కూర్చుని ఉంది.

మామాకి ఇవేవీ పట్టలేదు. కిటికీకి ముక్కు ఆనించి గంటల తరబడి కిందికి చూసింది. చివరికి నా వైపు తిరిగి, "ఇంత నీళ్ళు మధ్యలో పెట్టుకుని నువ్వు బెత్తెడన్నావా?" అని నా చెవి మెలిపెట్టింది. విమానమంతా వినబడేలా నవ్వాం ఇద్దరం.

మర్నాడు పట్టాల సభ. ఎత్తయిన పాత హాలు. నల్ల గౌన్ల పెద్దలు. ఒక్కో పేరు పిలవగానే మర్యాదగా, మెత్తగా చప్పట్లు. అక్కడ దగ్గినా తప్పేమో అన్నట్టుంది. మామా కొత్త అబాయా తొడుక్కుని, మెషీన్ భుజానికి తగిలించుకుని కూర్చుంది. ఆమె వేలికి ఆక్సిజన్ మీటరు, నా కళ్ళు దాని మీద. తొంభై మూడు.

మనవడి పేరు పిలిచారు. అతను నడుస్తున్నాడు. మామా కర్ర మీద భారం వేసి లేచింది. నేను ఆపేలోపు ముక్కు దగ్గరి గొట్టం సర్దుకుని, గొంతెత్తి, నాలుక ఆడిస్తూ, వాళ్ళ పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు పెట్టే ఆ సంతోషపు కూత పెట్టింది. హాలు కప్పు అదిరింది. మీటరు దిగడం మొదలైంది. తొంభై. ఎనభై ఎనిమిది. ఎనభై ఆరు. నర్సుగా నేను భుజం పట్టి కూర్చోబెట్టాలి. చెయ్యి లేచింది కూడా. పెద్దలందరూ వెనక్కి తిరిగారు. మనవడు పట్టా తీసుకోవడం మరిచిపోయి, వేదిక మధ్యలో ఆగి, మా వైపు చూస్తూ చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు.

మామాకి ఊపిరి అందలేదు. కూత మధ్యలో తెగింది. రెప్పలార్పుతూ నా వైపు చూసింది.

నాకు ఆ కూత రాదు. చర్చిలో పాటకే శ్రుతి కలవని గొంతు నాది. అయినా ఒక చేత్తో ఆమె నడుం పట్టుకుని, ఆమె ఆపిన చోట నేను అందుకున్నాను.